మాటల్లో కపట మిత్రులు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. ప్రత్యేక సంచిక కోసం వక్త స్వయంగా రాసి ఇచ్చారు.)



వారం కిందట మన కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "మీరు అమ్మాయి దగ్గరకు ఇటలీ వెళ్లొచ్చారు కదా, మనవాళ్లకు ఓ అరగంట ఏదైనా చెప్పండి" అన్నారు. "అక్కడి కట్టడాల గురించి చెప్పనా?" అన్నాను. "అవన్నీ టీవీలో చూస్తూనే ఉన్నాం లెండి, మీకు జరిగింది చెప్పండి" అన్నారు. నాకు జరిగిందంటే, ముందు చెయ్యి కాలింది, తర్వాత బి.పి. మాత్రలు అయిపోయాయి, ఆ తర్వాత ఒక శిష్యుడు దొరికాడు. మూడింటికీ కారణం ఒక్కటే, మాటలు. కనుక ఇవాళ మాటల గురించే మీకు మనవి చేస్తాను.

నా సంగతి మీలో చాలామందికి తెలుసు. 1973లో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరి, 35 ఏళ్లు ఫైళ్ల మధ్య గడిపి, 2008లో రిటైరయినవాణ్ణి. నాకు వచ్చిన ఇంగ్లీషంతా నోట్ ఫైలు ఇంగ్లీషు. 'దయతో పరిశీలించవలసిందిగా' అనడానికి పది రకాలు తెలుసు. అదే, ఎదురుగా ఉన్న మనిషితో ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడమంటే చెమటలు పట్టేవి. అలాంటి నేను డెబ్బై మూడో ఏట ఒక ఇటలీ దేశస్థుడికి ఇంగ్లీషు మాస్టారినయ్యాను. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

మా అల్లుడు ఉత్తర ఇటలీలో తోరీనో అనే నగరంలో ఇంజనీరు. ఇంగ్లీషువాళ్లు ఆ ఊరిని ట్యూరిన్ అంటారు. ఫియట్ కార్లు పుట్టిన ఊరు అదే. పో నది ఒడ్డున ఉంటుంది. ఆకాశం తేటగా ఉన్న రోజున ఆల్ప్స్ కొండల మీది మంచు కనబడుతుంది. పాత వీధుల పక్కన మైళ్ల పొడవునా కప్పున్న వసారాలు ఉన్నాయి, వాన పడినా గొడుగు లేకుండా నడిచిపోవచ్చు. 2023 సెప్టెంబరులో నేనూ మా ఆవిడా వెళ్లాం. చూడ్డానికి వెళ్లేవారికి వీసా 90 రోజులకు మించి ఇవ్వరు. ఆ 90 రోజుల కథే ఇది.

మొదటి రోజు స్నానానికి వెళ్లబోతుంటే మా అల్లుడు, "మామయ్యగారూ, ఆ పంపు సంగతి..." అని ఏదో చెప్పబోయాడు. "నాకు తెలుసులే బాబూ" అన్నాను. పాతకాలపు ఇల్లు. రెండు పంపులు, ఒకదాని మీద 'సి', ఇంకొకదాని మీద 'ఎఫ్' అని అక్షరాలు. సి అంటే కోల్డ్ అని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు గదా. ధైర్యంగా తిప్పి చెయ్యి పెట్టాను. మరిగే నీళ్లు! ఇటాలియన్ భాషలో 'కాల్దో' అంటే వేడి. చల్లదనానికి 'ఫ్రెద్దో' అంటారు. చెయ్యి బొబ్బలెక్కి వారం రోజులు ఎడమ చేత్తో అన్నం తిన్నాను.

మంచం మీద పడుకుని ఆలోచించుకున్నాను. ఆ పంపు మీద చైనా అక్షరం ఉండి ఉంటే ఏం చేసేవాణ్ణి? "ఇదేమిటి బాబూ?" అని అడిగేవాణ్ణి. తెలిసిన అక్షరం కనుక అడగలేదు. అంటే నన్ను కాల్చింది తెలియనితనం కాదు, తెలుసనుకోవడం. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క ముక్కే. మిగిలినవన్నీ దీనికి ఉదాహరణలు.

రెండోది మాత్రల సంగతి. 90 రోజులకు లెక్కపెట్టి తెచ్చుకున్నాను గాని ప్రయాణంలో ఒక డబ్బా ఎక్కడో పోయింది. నాలుగో వారానికి గాని గమనించలేదు. అక్కడ మందుల షాపుకు ఆకుపచ్చ శిలువ గుర్తు ఉంటుంది. ఖాళీ అట్ట పట్టుకుని ఒక్కణ్ణే వెళ్లాను. కౌంటరులో ఉన్నావిడ అట్ట చూసి, "రిచెత్తా?" అంది. రసీదు అడుగుతోందనుకున్నాను. ఇంకా డబ్బే ఇవ్వలేదు, రసీదు ఎక్కడిది? ముందు డబ్బు, తర్వాత రసీదు, ఈ పద్ధతి నాకంటే ఎవరికి బాగా తెలుసు? పర్సు తీసి చూపించి, "నో మనీ, నో రిసీట్" అన్నాను. ఆవిడ మళ్లీ "రిచెత్తా" అంది. నేను మళ్లీ పర్సు చూపించాను. వెనక క్యూ పెరిగిపోతోంది.

అప్పుడు క్యూలో నుంచి ఒక పెద్దమనిషి ముందుకు వచ్చాడు. తెల్ల మీసం, చేతిలో టోపీ. చెవులకు స్టెతస్కోపు పెట్టుకున్నట్టు, గుండె మీద ఆనించినట్టు, కాగితం మీద గబగబా ఏదో గీకినట్టు అభినయం చేశాడు. ఆ గీకుడు చూడగానే అర్థమైంది, డాక్టరు చీటీ! 'రిచెత్తా' అంటే మందుల చీటీ. వంటకం చేసే విధానాన్ని కూడా అదే మాటతో చెబుతారు. డబ్బు కట్టినందుకు ఇచ్చే రసీదు మాత్రం 'రిచెవూతా'. ఆ సాయంత్రమే అల్లుడు నన్ను డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి చీటీ రాయించాడు కనుక సరిపోయింది. పంతానికి పోయి ఇంటికి వచ్చేసి ఉంటే మాత్రలు లేకుండా ఎన్నాళ్లుండేవాణ్ణో!

ఆ పెద్దమనిషి మా అమ్మాయి వాళ్ల కింది వాటాలోనే ఉంటాడని ఇంటికొచ్చాక తెలిసింది. రైల్వేలో పనిచేసి రిటైరైనవాడు, నాకంటే ఒక సంవత్సరం చిన్న. భార్య పోయింది. ఒక్కతే కూతురు, ఇంగ్లండులో అక్కడివాణ్ణి పెళ్లి చేసుకుని స్థిరపడింది. ఇద్దరు మనవలు. వాళ్లకు ఇటాలియన్ రాదు, ఈయనకు ఇంగ్లీషు రాదు. అక్కడ ఆ తరంలో చాలామంది బడిలో ఇంగ్లీషు కాక ఫ్రెంచి చదువుకున్నారట. మా మనవడికి పదేళ్లు. ఇంట్లో తెలుగు, బడిలో ఇటాలియన్, దానితోపాటు ఇంగ్లీషు. వాణ్ణి దుబాసీగా పెట్టుకుని ఆయన నాకు కబురు చెప్పాడు. "క్రిస్మస్‌కు మా అమ్మాయి దగ్గరకు వెళ్లాలని ఉంది. ఈలోగా నాకు రోజూ మాట్లాడుకునే ఇంగ్లీషు నేర్పుతారా? రేపు పొద్దున తొమ్మిదింటికి బార్‌లో కలుద్దాం."

ఈ మాట వినగానే మా ఆవిడ ముఖం మారిపోయింది. "ఈ వయసులో, పరాయి దేశంలో, పొద్దున్నే బారా?" అంది. అమ్మాయి పడీపడీ నవ్వి అసలు సంగతి చెప్పింది. ఇటలీలో బార్ అంటే మన కాఫీ హోటల్ వంటిది. పొద్దున్నే ఆఫీసుకు పోయేవాళ్లు, బడిపిల్లలు, ముసలివాళ్లు అందరూ అక్కడ కాఫీ తాగి, ఒక తియ్యని రొట్టె తిని పోతారు. మర్నాడు ఈ సంగతి ఆయనకు చెప్పి, "మా ఊళ్లో ఇలాంటి దాన్ని హోటల్ అంటాం" అన్నాను. "గదులెన్ని?" అని అడిగాడు. "గదుల్లేవు, ఇడ్లీ ఉంటుంది" అన్నాను. అదే మా మొదటి పాఠం.

ఆయన నన్ను 'మాయెస్త్రో' అని పిలవడం మొదలుపెట్టాడు. అక్కడ పిల్లలకు చదువు చెప్పే పంతులుగారికి ఆ మాటే. వింటే మన 'మేస్త్రి'లా లేదూ? నిజానికి అదే మాట. లాటిన్ భాషలో 'మగిస్తెర్' అని ఒక మాట ఉండేది, పెద్ద, గురువు అని అర్థం. అది ఇటలీలో మాయెస్త్రో అయింది. పోర్చుగీసువారి నోట 'మెస్త్రె' అయి, ఓడల్లో మన తీరానికి వచ్చి ఇళ్లు కట్టే మేస్త్రి అయింది. ఇంగ్లీషువారి నోట 'మాస్టర్' అయి, మన బడిలో మాస్టారు అయింది. ఒకే తల్లి పిల్లలే. అయినా మాస్టారిని పట్టుకుని "ఏమండీ మేస్త్రిగారూ" అనండి, ఏమవుతుందో చూడండి!

ఇంగ్లీషుకూ ఇటాలియన్‌కూ మధ్య ఇలాంటి మాటలు కొల్లలుగా ఉన్నాయి. కారణం ఉంది. ఇటాలియన్ లాటిన్‌కు నేరుగా కూతురు. ఇంగ్లీషు వేరే కుటుంబానిది గాని, 1066లో ఫ్రాన్సు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండును జయించిన తర్వాత వేలకొద్దీ ఫ్రెంచి మాటలు, వాటి వెంట లాటిన్ మాటలు అందులో కలిసిపోయాయి. ఒకే మాట రెండు ఇళ్లలో పెరిగి, రెండు అర్థాలు తెచ్చుకుంది. ముఖం ఒకటే, మనసు వేరు. 1928లో ఇద్దరు ఫ్రెంచి పండితులు ఇటువంటి ఇంగ్లీషు మాటల మీద పుస్తకం వేస్తూ వీటికి ఒక పేరు పెట్టారు. దాన్ని మన భాషలో చెప్పుకుంటే 'కపట మిత్రులు'. చిన్నయసూరిగారి నీతిచంద్రికలో మిత్రలాభం, మిత్రభేదం చదువుకున్న మనకు ఈ పేరు వేరే వివరించనక్కర్లేదు.

మన ఇంట్లోనూ ఉన్నారు ఈ కపట మిత్రులు. మనకు శిక్ష అంటే దండన, హిందీలో చదువు. ఢిల్లీలో విద్యాశాఖ బోర్డు మీద 'శిక్షా మంత్రాలయ్' అని చదివితే మనవాడికి గుండె ఝల్లుమంటుంది. నేనిప్పుడు మీకు ఇస్తున్నది ఉపన్యాసం. హిందీవారికి ఉపన్యాసమంటే నవల. భయపడకండి, నాది నవలంత ఉండదు.

మళ్లీ మా పాఠాలకు వస్తాను. నేను గుమస్తాను కనుక రిజిస్టరు లేనిదే పని నడవదు. ఒక నోటుబుక్కు కొని గీతలు గీసి నాలుగు గళ్లు చేశాను. మొదటి గడిలో ఇటాలియన్ మాట, రెండో గడిలో దాని అర్థం, మూడో గడిలో అది పోలిన ఇంగ్లీషు మాట, నాలుగో గడిలో అసలు వాడవలసిన ఇంగ్లీషు మాట. రోజుకు అయిదు మాటలు. వాటిలో కొన్ని మీకు చదివి వినిపిస్తాను.

ముందు ఇంటి మాటలు. 'పరేంతి' అంటే బంధువులు, పేరెంట్స్ కాదు. తల్లిదండ్రులను 'జెనితోరి' అంటారు. మొదటి రోజే ఆయన ఇంగ్లీషులో "నాకు నలభై మంది పేరెంట్స్" అన్నాడు. 'కామెరా' అంటే గది. ఫొటోలు తీసే పెట్టెకు ఆ పేరు ఎలా వచ్చిందంటే, పూర్వం చీకటి గదికి చిన్న రంధ్రం పెట్టి ఎదుటి గోడ మీద బొమ్మ పడేలా చేసేవారు. ఆ 'చీకటి గది'కున్న లాటిన్ పేరులో నుంచి ఇంగ్లీషువారు చీకటిని వదిలేసి గదిని మాత్రం తీసుకున్నారు. 'లిబ్రెరియా' పుస్తకాలు అమ్మే షాపు, గ్రంథాలయం 'బిబ్లియొతేకా'. 'రుమోరె' అంటే చప్పుడు, పుకారు కాదు. 'బుర్రో' అంటే వెన్న. ఈ చివరిది మాత్రం మా మనవడు నన్ను ఆటపట్టించడానికి రిజిస్టరులో ఎక్కించాడు. "తాతయ్యా, నీ బుర్రో రొట్టెకు రాసుకోనా?" అనేవాడు.

తిండి దగ్గర శాకాహారులు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఇటలీలో 'పెపెరోని' అంటే మన బెంగుళూరు మిరపకాయ, క్యాప్సికమ్. పెపెరోని పిజ్జా నిశ్చింతగా తినవచ్చు. అదే మాట అమెరికాలో అంటే మసాలా పెట్టిన మాంసపు ముక్కలు. మీ అబ్బాయిల దగ్గరకు అమెరికా వెళ్లేవారు జాగ్రత్త. అలాగే ఇటలీలో 'లాత్తె' అని అడిగితే ఉత్త పాలు తెచ్చి ఇస్తారు, కాఫీ చుక్క ఉండదు. నాకు అదే హాయిగా ఉండేది.

ఒక రోజు ఆయన మేనకోడలి పెళ్లికి వెళ్లి వచ్చి మాకు చిన్న పొట్లం ఇచ్చాడు. 'కన్ఫెత్తి' అన్నాడు. ఇంగ్లీషులో ఆ మాటకు పెళ్లిలో చల్లే రంగు కాగితపు ముక్కలని అర్థం. విప్పి చూస్తే పంచదార పాకం పట్టిన బాదం పప్పులు! మరి కాగితపు ముక్కల్ని ఏమంటారంటే 'కొరియాందొలి' అన్నాడు. ఆ మాట ధనియాల నుంచి వచ్చింది, పూర్వం ఉత్సవాల్లో పంచదార పట్టించిన ధనియాలు చల్లేవారట. వధూవరుల మీద వాళ్లు బియ్యం కూడా చల్లుతారు. మన అక్షింతల సంగతి మా ఆవిడ చెబితే ఆయన ఎంత సంబరపడ్డాడో!

ఇక మన ఆఫీసు మాటలు. 'ఫీర్మా' అంటే సంతకం. వ్యాపారి ఏ పేరు మీద సంతకం చేస్తాడో ఆ పేరే వ్యాపారానికీ పేరై, ఇంగ్లీషులో ఫర్మ్ అయింది. 35 ఏళ్లు సంతకాలు పెట్టించుకున్న నాకు ఈ సంగతి అప్పుడు తెలిసింది. 'పతెంతె' అంటే డ్రైవింగ్ లైసెన్సు. 'దొత్తోరె' అంటే డిగ్రీ ఉన్న ప్రతివాడూ. మన బి.ఏ. అక్కడ నన్ను డాక్టరుగారిని చేసింది! 'పెన్సియోనె' అంటే పెన్షనే, అయితే బస చేసే చిన్న లాడ్జికి కూడా అదే పేరు. అక్కడి పెన్షనర్లకు డిసెంబరులో పదమూడో నెల పెన్షను కూడా వస్తుంది. (చప్పట్లు కొట్టకండి, అది ఇక్కడ కాదు.) విదేశాల్లో ఉంటూ ఇటలీ పెన్షను తీసుకునేవారు, తాము బతికే ఉన్నామని మనలాగే ఏటా ధృవపత్రం ఇవ్వాలి. ఆ కష్టంలో మాత్రం తేడా లేదు.

'ఫత్తోరియా' అనే మాట దగ్గర నాకు మన బందరు గుర్తొచ్చింది. దాని అర్థం ఫ్యాక్టరీ కాదు, పొలమూ పశువులూ ఉన్న కమతం. యజమాని తరఫున దాన్ని చూసే మనిషి పేరు మీద వచ్చింది. చిన్నప్పుడు మనం చరిత్ర పాఠంలో చదువుకున్నాం కదా, 1611లో ఇంగ్లీషు కంపెనీవారు మచిలీపట్నంలో ఫ్యాక్టరీ పెట్టారని. నేను పెద్దవాణ్ణయ్యే దాకా దానికి పొగగొట్టం ఉండేదనే అనుకున్నాను. అక్కడ యంత్రాలేమీ లేవు. కంపెనీ తరఫున సరుకు కొనే ఏజెంట్లను ఫ్యాక్టర్లు అనేవారు, వారుండే కోఠీ ఫ్యాక్టరీ. ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, పరాసుపేట అంటూ ఇంగ్లీషు, డచ్చి, ఫ్రెంచి వారందరి పేర్లూ వీధులకు పెట్టుకున్న ఊళ్లో పుట్టి కూడా నేను ఆ సంగతి తోరీనోలో తెలుసుకున్నాను.

నవ్వించే మాటలు ఇంతటితో ఆపి, నవ్వు రాని రెండు సంగతులు చెబుతాను.

ఒక రోజు 'ఎదుకాతో' అనే మాట వచ్చింది. ఇంగ్లీషు ఎడ్యుకేటెడ్‌లా ఉంటుంది గాని, ఇటాలియన్‌లో దాని అర్థం చదువుకున్నవాడని కాదు, మంచి నడవడి గలవాడు, మర్యాద తెలిసినవాడు అని. 'మాలెదుకాతో' అంటే మర్యాద లేనివాడు. లాటిన్‌లో మూలమాటకు అర్థం పెంచి పెద్ద చేయడం. ఆ పెంపకం ఇటలీలో సంస్కారం వైపు వెళ్లింది, ఇంగ్లండులో చదువు వైపు వెళ్లింది. ఇదంతా మా మనవడి సాయంతో చెప్పి, రిజిస్టరులో రాసి తలెత్తి చూశాను. ఆయన కలం కింద పెట్టేశాడు. కాఫీ ముట్టుకోలేదు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. రెండేళ్ల కిందట ఇంగ్లండు వెళ్లినప్పుడు పెద్ద మనవడు ఇంట్లోకి వచ్చి, ఈయనను పలకరించకుండానే ఫోను చూసుకుంటూ మేడ మీదికి పోయాడట. మనసు చివుక్కుమని, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో అల్లుడితో "ఈ పిల్లవాడు ఎడ్యుకేటెడ్ కాదు" అన్నాడట. ఆ అల్లుడు కుళాయిల పనిచేసే మనిషి, పదహారో ఏట బడి మానేసినవాడు. "మాకు చదువు లేదని మీ నాన్న ఎత్తిపొడిచాడు" అని భార్యతో అన్నాడట. ఈయనకు ఆ సంగతి తెలియనే తెలియదు. అల్లుడు ఎందుకు ముభావంగా అయిపోయాడో, ఫోనులో కూతురు ఎందుకు మాట తగ్గించిందో తెలియక, తనలో తను కుమిలిపోతూ రెండేళ్లు గడిపాడు. ఒక్క మాట!

ఆ సాయంత్రం మా అమ్మాయి ఇంట్లో నుంచే కూతురికి ఫోను చేశాడు. ఇటాలియన్‌లో ఏం చెప్పాడో నాకు అర్థం కాలేదు గాని, ఆ గొంతు అర్థమైంది. చివరకు అల్లుడు తెర మీదికి వచ్చాడు. నేను రాసి ఇచ్చిన వాక్యం ఈయన కాగితం చూసి చదివాడు: "నేను చదువు గురించి అనలేదు, నమస్కారం పెట్టలేదని అన్నాను. నన్ను క్షమించు." అవతలి నుంచి కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆ అల్లుడు గట్టిగా నవ్వి, "ఆ మాట నిజమే, వాడికి మర్యాద తెలియదు" అన్నాడు. మా మనవడు అది ఇటాలియన్‌లో చెబుతుంటే ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. నేను గవర్నమెంటు నౌకరీలో ఎన్నో డ్రాఫ్టులు రాశాను గాని, ఇంత పనికొచ్చిన డ్రాఫ్టు మరొకటి లేదు.

ఆ రాత్రి నాకు నా సంగతి గుర్తొచ్చింది. 2019లో అమెరికాలో ఉన్న మా అబ్బాయి కూతురు ఫోనులో, "తాతయ్యా, యూ ఆర్ సో సిల్లీ" అంది. అయిదేళ్ల పిల్ల. సిల్లీ అంటే మనకు పనికిమాలినదని గదా. నొచ్చుకుని రెండు వారాలు ఆ పిల్లతో మాట్లాడలేదు. అక్కడి పిల్లలు నవ్వించే తాతను ముద్దుగా అనే మాట అదని తర్వాత కోడలు చెప్పింది. ఆ పిల్ల మాత్రం రెండు వారాలూ "తాతయ్య ఎందుకు రావడం లేదు?" అని అడుగుతూనే ఉందట.

రెండోది ఆసుపత్రి సంగతి. 'కొస్తిపాతో' అంటే ఇటాలియన్‌లో జలుబు చేసి ముక్కు బిగిసినవాడు. అదే పోలికతో ఇంగ్లీషులో చెబితే మలబద్ధకం అవుతుంది. జలుబుకు విరేచనాల మందు ఇస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇంకొకటి 'ఇంతొస్సికాతో'. తిన్నది వికటించి విషమైనవాడని అర్థం. ఇంగ్లీషులో ఇంటాక్సికేటెడ్ అంటే తాగి మత్తులో ఉన్నవాడు. 1980లో అమెరికాలోని ఫ్లోరిడాలో పద్దెనిమిదేళ్ల కుర్రవాణ్ణి స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి తెచ్చారు. వాళ్లది స్పానిష్ మాట్లాడే కుటుంబం. స్పానిష్ ఇటాలియన్‌కు చెల్లెలు, ఈ మాట రెంటిలోనూ దాదాపు ఒకటే. తిన్నదేదో వికటించిందనుకుని వాళ్లు ఆ మాట అన్నారు. డాక్టర్లు మత్తుమందులు మోతాదు మించాయని అర్థం చేసుకున్నారు, ఆ వైద్యమే చేశారు. అసలు జరిగింది మెదడులో రక్తస్రావం. తెలిసేసరికి ఆలస్యమైపోయి, ఆ కుర్రవాడికి కాళ్లూ చేతులూ పడిపోయాయి. తర్వాత పరిహారం 7 కోట్ల 10 లక్షల డాలర్ల దాకా లెక్క తేలింది. డబ్బు వస్తే చేతులు వస్తాయా?

ఇక రోజువారీ మాటతీరు. ఈ విషయంలో ఇటలీవారికీ మనకూ కష్టాలు ఒకటే. వాళ్ల భాషా రాసినట్టే చదువుతారు, మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. మన తెలుగును తూర్పుదేశపు ఇటాలియన్ అని అందుకే అంటారు. మనం బస్‌ను బస్సు, కార్‌ను కారు చేసినట్టే ఆయనా ప్రతి ఇంగ్లీషు మాట చివర ఒక అచ్చు తగిలించేవాడు. ఇంగ్లీషు 'నైఫ్' మొదట్లో ఆ 'కె' ఎందుకని ఆయన అడిగితే నేనూ చెప్పలేకపోయాను.

మనకు నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్లకూ 'తు' అనీ, 'లేయి' అనీ రెండున్నాయి. ఇంగ్లీషులో రాజుకూ పనివాడికీ ఒకటే 'యు'. మన భాషలో "నీళ్లివ్వండి" అంటే గౌరవం ఆ 'అండి'లోనే ఉంది. దాన్ని ఇంగ్లీషులోకి మారిస్తే 'గివ్ మీ వాటర్', వట్టి ఆజ్ఞ అవుతుంది. గౌరవం ఎక్కడ పెట్టాలంటే ముందు 'కుడ్ యు' అని, చివర 'ప్లీజ్' అని. విదేశాల్లో మనల్ని మొరటువాళ్లనుకోవడానికి చాలాసార్లు కారణం ఈ జారిపోయిన 'అండి'. ఈ పాఠం ఆయనకు చెబుతూ నేనే నేర్చుకున్నాను.

ఇంకో రెండు మాటలు చెప్పకపోతే రిజిస్టరు పూర్తికాదు. 'ఎవెంతువల్మెంతె' అంటే వీలైతే, 'ప్రెతెందెరె' అంటే గట్టిగా కోరడం. ఇంగ్లీషులో ఈవెంట్యువల్లీ అంటే ఎట్టకేలకు, ప్రిటెండ్ అంటే నటించడం. "వీలైతే డిసెంబరులో వస్తాను" అనబోయి "ఎట్టకేలకు వస్తాను" అంటే అవతలివారు గది సర్ది ఎదురుచూస్తారు. మనమేం తక్కువ తినలేదు. "మా మనవడు 2022లో కాలేజీ నుంచి పాస్ అవుట్ అయ్యాడు" అని ఇంగ్లండులో చెప్పండి, "అయ్యో, ఇప్పుడెలా ఉంది?" అంటారు. అక్కడ పాస్ అవుట్ అంటే స్పృహ తప్పడం.

మిత్రులారా, మనలో చాలామంది పిల్లలు పరాయి రాష్ట్రాల్లో, పరాయి దేశాల్లో ఉన్నారు. ఈ వయసులో మనం మూటకట్టుకుని వెళ్తున్నాం, భాష రాని ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో, ఎయిర్‌పోర్టుల్లో నిలబడుతున్నాం. అందుకని నా అనుభవం మీద నాలుగు మనవులు.

ఒకటి, తెలియని మాట గురించి భయపడకండి, అది మిమ్మల్ని అడిగేలా చేస్తుంది. తెలిసినట్టు అనిపించే మాటనే రెండోసారి అడగండి. రెండు, మాటలు విడివిడిగా బట్టీ పట్టకండి, వాక్యంతో సహా నేర్చుకోండి. మూడు, ప్రయాణంలో మందుల పేర్లు కంపెనీ పేరుతో కాక అసలు మందు పేరుతో, మోతాదుతో డాక్టరుచేత కాగితం మీద రాయించి జేబులో పెట్టుకోండి. ఆసుపత్రిలో జబ్బు పేరు మీరు చెప్పకండి, ఎక్కడ నొప్పో, ఎప్పటి నుంచో, ఏం తిన్నారో చెప్పండి. నాలుగు, అన్నిటికన్నా ముఖ్యమైనది. మీ కోడలో, అల్లుడో, మనవడో అన్న మాటకు మనసు నొచ్చుకుంటే, నొచ్చుకోవడానికి ముందు ఆ మాటకు వాళ్ల అర్థమేమిటో అడగండి. నొచ్చుకోవడానికి తర్వాత కూడా టైముంటుంది.

నవంబరు ఆఖరున మేం బయలుదేరే రోజు ఆయన స్టేషను దాకా వచ్చాడు. క్రిస్మస్‌కు ఇంగ్లండు టికెట్టు కొన్నానని చూపించాడు. ఆ రిజిస్టరు ఆయన దగ్గరే ఉంచుకున్నాడు. రైలు కదిలేటప్పుడు కిటికీ దగ్గరకు వచ్చి, తను సొంతంగా కూర్చుకున్న ఇంగ్లీషు వాక్యం ఒకటి చెప్పాడు: "మాయెస్త్రో, యు ఆర్ మై పేరెంట్." తప్పు దిద్దబోయి ఊరుకున్నాను. బంధువు అన్నాడు, మనకు కావలసింది అదే గదా.